అచేతనానికి చేతనత్వం: రచనలో మానవీకరణ

‘ఈ సంవత్సరం ఆషాఢంలో వానలు కురవలేదు’ అన్నది ఒక వాక్యం. ‘ఈ సంవత్సరం ఆషాఢంలో వానలు మొహం చాటేశాయి’ అన్నది మరొక వాక్యం. రెండూ తెలియజేసే విషయం ఒక్కటే. అయితే మొదటి వాక్యంలో వాన కేవలం ఒక ప్రకృతి వ్యాపారం. రెండవ వాక్యంలో వానకు ముఖం వచ్చింది; ఆ ముఖాన్ని దాచుకోవాలన్న ఉద్దేశం కూడా వచ్చింది. అప్పు తీర్చవలసినవాడు అప్పిచ్చినవాడి కంటబడకుండా తిరిగినట్లు, రావలసిన వాన రైతు కంటబడకుండా తప్పించుకొన్నదన్న భావం ఆ ఒక్క క్రియలో ఇమిడి ఉంది. ఈ విధంగా ప్రాణంలేని వస్తువులకు, పశుపక్ష్యాదులకు, కంటికి కనబడని భావాలకు మానవుల గుణాలను, చేష్టలను, మాటలను ఆపాదించి చెప్పడాన్ని మానవీకరణ అంటారు. చేతనత్వారోపణ, మానవత్వారోపణ అన్న పేర్లు కూడా దీనికి వాడుకలో ఉన్నాయి.

ఇది కవులు మాత్రమే చేసే పని అనుకోవడం పొరపాటు. కుండకు మెడ, కుర్చీకి కాళ్లు, ఇంటికి ముఖం కల్పించినవారు కవులు కారు. గోడలకు చెవులుంటాయని హెచ్చరించేవారికి అలంకారశాస్త్రంతో పరిచయం ఉండనక్కరలేదు. నిద్ర ముంచుకొస్తుంది, ఆకలి చంపుతుంది, పని మెడమీద కూర్చుంటుంది. ఇవన్నీ ఒకప్పుడు ఎవరో ఒకరు ఊహించి అన్న మాటలే. గడపమీద చెక్కిన పువ్వు రాకపోకలకు అరిగిపోయినట్లు, వాడగా వాడగా వీటిలోని చిత్రం అరిగిపోయి అర్థం మాత్రం మిగిలింది. కొత్త వస్తువులు వచ్చినప్పుడు కూడా జనవ్యవహారం ఇదే పని చేస్తుంది. పోలింగు రోజున ఓటింగు యంత్రాలు ‘మొరాయించాయి’ అని పత్రికలు రాస్తాయి. మొరాయించడం నిజానికి కాడికింద ఎద్దు చేసే పని. ఎద్దును చూడని పట్టణవాసి కూడా యంత్రం విషయంలో ఆ మాటనే వాడుతున్నాడంటే, భాషలో వ్యవసాయ జీవితం ఎంత లోతుగా పాతుకొని ఉన్నదో తెలుస్తుంది. ఇక్కడ యంత్రానికి వచ్చింది మానవత్వం కాదు, పశుత్వం. అయినా మార్గం అదే.

మానవీకరణ తెలుగులో ఎలా సాగుతుందో తెలుసుకోవడానికి ముందుగా మన వ్యాకరణాన్ని చూడాలి. సంస్కృతంలో నదీ శబ్దం స్త్రీలింగం, సముద్ర శబ్దం పుంలింగం. అందువల్ల నది సముద్రంలో కలిసిందని చెప్పినంత మాత్రానే దాంపత్యం స్ఫురించే అవకాశం శబ్దంలోనే ఉంది. తెలుగు పద్ధతి వేరు. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి వివరించిన ప్రకారం మన నామవాచకాలకు మహత్తు, మహతి, అమహత్తు అన్న విభాగం ఉంది. ఏకవచనంలో మహతికీ అమహత్తుకూ క్రియ ఒక్కటే. ‘సీత వచ్చింది’, ‘లేగదూడ వచ్చింది’, ‘గోదావరి వచ్చింది’ అన్న మూడు వాక్యాలలో క్రియను చూసి వచ్చినది స్త్రీయో, దూడయో, నదియో చెప్పలేం. కాబట్టి తెలుగు రచయిత నదిని స్త్రీగా చూపాలంటే లింగంమీద ఆధారపడలేడు. ఆమె చేసే పనిని ఎన్నుకోవాలి. ‘గోదావరి భద్రాచలం దాటి పాపికొండల మధ్య ప్రవహించింది’ అంటే భూగోళ విషయం. ‘పాపికొండల మధ్య ఒదిగి నడిచింది’ అంటే నది మనిషి అయింది. పెద్దల మధ్య నుంచి వెళ్లే కోడలు కొంగు సర్దుకొని ఒదిగినట్లు ఆ ‘ఒదిగి’ అన్న మాట పని చేసింది.

బహువచనంలో మాత్రం తెలుగు మరొక సౌకర్యాన్ని ఇచ్చింది. ‘స్త్రీలు వచ్చారు’, ‘నదులు వచ్చాయి’ అనడం నియమం. ఎవరైనా ‘నదులు వచ్చారు’ అని రాస్తే అది సామాన్య సందర్భంలో దోషం. కాని ఒక కథలో సముద్రుని పెళ్లికి నదులన్నీ పేరంటానికి ‘వచ్చారు’ అని రాస్తే, దోషమే గుణమవుతుంది. ఒక్క ప్రత్యయంతో నదులు మనుషులయ్యాయి. అలాగే ‘సముద్రం ఘోషించింది’ అన్న వాక్యాన్ని ‘సముద్రుడు ఘోషించాడు’ అని మార్చితే డు ప్రత్యయం చేతనత్వాన్ని తెస్తుంది. సూర్యచంద్రుల విషయంలో ఆ శక్తి ఏనాడో ఉడిగింది. ‘సూర్యుడు ఉదయించాడు’ అన్నప్పుడు ఎవరికీ ఒక పురుషుడు నిద్ర లేచినట్లు తోచదు.

వీటన్నిటికంటె తెలుగువారికి ప్రియమైన మార్గం బంధుత్వం కలపడం. చంద్రుడు చందమామ, నేల తల్లి, కృష్ణ కృష్ణమ్మ, గోదావరి గోదారమ్మ. వస్తువుకు కన్ను, ముక్కు తగిలించడం కాదు, వరస కలపడమే ఇక్కడి పద్ధతి. వరస కలిపితే బాధ్యత కూడా కలుస్తుంది. మామను కాబట్టి చంద్రుణ్ణి దిగి రమ్మని పిల్లవాడు పిలవగలడు. తల్లి కాబట్టి నేలను కాలితో తన్నినందుకు మనసులో ఒక జంకు ఉంటుంది. భయం కూడా వరస కలుపుతుంది. మశూచిని పూర్వం ‘అమ్మవారు’ అనే వ్యవహరించేవారు. రోగాన్ని రోగమని పిలవడానికి జంకిన గ్రామం దానికి వేపమండలతో, చల్లతో మర్యాద చేసి పంపేది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి భూమిమీద లేకుండా పోయిందని ప్రకటించింది. రోగం పోయినా పేరు పోలేదు. ఆటలమ్మ సోకిన పిల్లవాడిని చూసి నేటికీ ‘అమ్మవారు పోసింది’ అంటారు.

అలంకారశాస్త్రంలో మానవీకరణకు సరిగ్గా సరిపోయే పేరు ఒక్కటి లేదు. దగ్గరగా వచ్చేది సమాసోక్తి. ప్రస్తుత వస్తువును వర్ణిస్తుండగా అప్రస్తుతమైన మరొక వృత్తాంతం స్ఫురించడం దాని లక్షణం. సాహిత్యదర్పణ కర్త విశ్వనాథుడు ఆ స్ఫురణ కార్యం వల్ల, లింగం వల్ల, విశేషణం వల్ల కలుగుతుందన్నాడు. ‘సూర్యుడు దగ్గరకు రాగానే తూర్పు దిక్కు మొగం ఎర్రబారింది’ అన్న వాక్యంలో చెప్పదలచినది ఉషోదయమే. స్ఫురించేది ప్రియుని రాకతో సిగ్గుపడిన నాయిక. ఆమెను వాక్యంలో ఎక్కడా పేర్కొనలేదన్నది ఇక్కడ గమనించాలి.

ఇతర అలంకారాలకూ మానవీకరణకూ ఉన్న భేదాన్ని ఒక్క వస్తువుతో చూడవచ్చు. అర్ధరాత్రి నూనె అయిపోవస్తున్న దీపాన్ని తీసుకొందాం. ‘దీపం కాపలా ఉన్న ముసలమ్మలా కునుకుతోంది’ అంటే ఉపమ. ‘దీపం కునికిపాట్లు పడుతున్నదా అన్నట్లున్నది’ అంటే ఉత్ప్రేక్ష. ‘ఆ దీపం ఇంటికి కాపలా ఉన్న ముసలమ్మ’ అంటే రూపకం. ‘దీపం కునికిపాట్లు పడుతోంది’ అంటే మానవీకరణ. మొదటి మూడింటిలో ముసలమ్మయినా ఉంది, ‘అన్నట్లు’ అన్న జాగ్రత్త అయినా ఉంది. నాలుగవదానిలో పోలిక చెప్పే మాటలన్నీ తొలగిపోయి దీపమే మిగిలింది. పరీక్షలో అలంకారాన్ని గుర్తించమన్నప్పుడు విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

దండి కావ్యాదర్శంలో దీనినే మరొక వైపు నుంచి చూశాడు. ఒకదాని ధర్మాన్ని లోకమర్యాద చెడకుండా మరొకదానిమీద ఉంచడం సమాధి అనే గుణమన్నాడు. కలువలు కన్నులు మూయడం, తామరలు కన్నులు తెరవడం ఆయన చూపిన ఉదాహరణలు. అంతటితో ఆగక ఆయన ఒక ఆశ్చర్యకరమైన విషయం చెప్పాడు. ఉమ్మడం, కక్కడం వంటి మాటలు నేరుగా వాడితే గ్రామ్యాలు. అవే మాటలను ప్రాణంలేని వస్తువులకు గౌణంగా ఉపయోగిస్తే అందగిస్తాయి. ఇది ఎంత నిజమో తెలుగులో పరీక్షించి చూడవచ్చు. మనిషి కక్కాడంటే జుగుప్స. ‘కొలిమి నిప్పులు కక్కింది’ అంటే ఆ జుగుప్స ఏమైపోయింది? వస్తువు మారగానే మాటకు అంటిన మురికి కడుక్కుపోయింది. తొమ్మిదవ శతాబ్దికి చెందిన ఆనందవర్ధనుడు ఇంకా ముందుకు వెళ్లి, మంచి కవి అచేతనాలను చేతనాలుగాను, చేతనాలను అచేతనాలుగాను తన ఇచ్ఛ వచ్చినట్లు నడిపిస్తాడన్నాడు. ఈ మాటలో రెండవ సగాన్ని సాధారణంగా ఎవరూ పట్టించుకోరు. మనిషిని వస్తువుగా మార్చడం కూడా కవి చేతిలోనే ఉంది. వార్తలలో కూలీలు ‘చేతులు’గాను, ఓటర్లు ‘బ్యాంకు’గాను మారడం చూస్తే, ఆ శక్తి కవుల చేతులలోనే ఉండిపోలేదని అర్థమవుతుంది.

అయితే పూర్వులందరూ ఈ స్వేచ్ఛను మారుమాటలేకుండా అంగీకరించలేదు. భామహుడు మేఘం, గాలి, చంద్రుడు, తుమ్మెద వంటివాటిని దూతలుగా పంపడం యుక్తికి నిలవదని ఆక్షేపించాడు. మాటరానిది, లేదా స్పష్టంగా పలకలేనిది, దూర దేశానికి పోయి వార్త ఎలా చెబుతుందన్నది ఆయన ప్రశ్న. విరహం ముదిరి ఉన్మత్తుడిలా మాట్లాడే సందర్భమైతే మాత్రం ఒప్పుకోవచ్చునని ఒక వెసులుబాటు ఇచ్చాడు. కాళిదాసు మేఘదూతంలో ఈ ప్రశ్నకు సమాధానం ముందే సిద్ధంగా ఉంది. పొగ, వెలుగు, నీరు, గాలి కలిసిన మబ్బెక్కడ, సమర్థులైన ప్రాణులు చేరవేయవలసిన సందేశమెక్కడ అని కవియే అడుగుతాడు; కామార్తులకు చేతనాచేతన వివేకం ఉండదని కవియే బదులు చెబుతాడు. అంటే మేఘానికి ప్రాణం వచ్చింది మేఘం వల్ల కాదు, దానిని చూస్తున్న యక్షుని బాధ వల్ల. మానవీకరణను అర్థం చేసుకోవడానికి ఇంతకంటె సూక్ష్మమైన తాళపుచెవి మరొకటి లేదు. వస్తువు మనిషిలా కనబడిన ప్రతి చోటా ‘ఎవరి కంటికి? ఏ స్థితిలో?’ అని పాఠకుడు అడగాలి.

ఈ ప్రశ్నను గుర్రం జాషువ 1941 నాటి గబ్బిలం కావ్యానికి వేసి చూడాలి. తంజావూరు ప్రాంతంలోని ఒక నిరుపేద దళితుడు కాశీ విశ్వనాథునికి తన గోడు విన్నవించుకోదలచాడు. దూత కావాలి. మేఘదూతాన్ని ఎరిగిన పాఠకుడు మేఘాన్నో హంసనో ఊహిస్తాడు. జాషువ గబ్బిలాన్ని ఎన్నుకొన్నాడు. లోకం అశుభంగా భావించే ప్రాణి అది. కాని దానికొక అధికారం ఉంది: గుడిలో నివసిస్తుంది. మనిషికి తెరుచుకోని తలుపు గబ్బిలానికి అడ్డుకాదు. గర్భగుడి చూరున వేలాడుతూ దేవుని చెవికి దగ్గరగా ఉండగలది అదే. కనుక పూజారి లేని సమయం చూసి మనవి చెప్పమని అతడు దానిని వేడుకొంటాడు. భామహుడు ఈ కావ్యాన్ని చూసి ఉంటే ఏమనేవాడో ఊహించడం సరదాగా ఉంటుంది. యుక్తికి నిలవనిది గబ్బిలం మాట్లాడటమా, మనిషిని గుడి బయట నిలపడమా? అక్కడి మానవీకరణ ఒక సౌందర్య సాధనం మాత్రమే కాదు. గబ్బిలానికి మనిషితనం ఆపాదించవలసి వచ్చింది, మనిషికి దానిని నిరాకరించిన సమాజం ఉన్నది కాబట్టి.

వస్తువును ఎన్నుకోవడం ఎంత ముఖ్యమో, క్రియను ఎన్నుకోవడం అంత ముఖ్యం. పదహారవ శతాబ్దిలో రామరాజభూషణుడు రచించిన వసుచరిత్రకు మూలమైన కథ మహాభారతం ఆదిపర్వంలోనిది. కోలాహల పర్వతం శుక్తిమతీ నదిని మోహించి అడ్డగించింది. వసురాజు ఆ కొండను కాలితో తొలగించి నదికి దారి ఇచ్చాడు. నదికి కొడుకు, కూతురు జన్మించారు. కొడుకు రాజుకు సేనాపతి, కూతురు గిరిక రాజుకు భార్య అయ్యారు. ఈ కథనంతా భూగోళ దృష్టితో చదవవచ్చు: కొండ విరిగి పడితే ఏరు నిలిచిపోతుంది, అడ్డు తీస్తే పారుతుంది. అదే కథను మానవ దృష్టితోనూ చదవవచ్చు: బలవంతుడు దారికాచి స్త్రీని అడ్డగించాడు, రాజు విడిపించాడు. ‘అడ్డగించింది’ అన్న ఒక్క మాట రాతికీ సరిపోతుంది, మనిషికీ సరిపోతుంది. ఇదే మంచి మానవీకరణకు గీటురాయి. ఆ క్రియ రెండు పక్కలా నిజం కావాలి. ‘కొండ పాట పాడింది’ అని రాసిన విద్యార్థి కొండనుంచి ఏ ధ్వని వచ్చిందో చెప్పలేకపోతే ఆ వాక్యం ఒక పక్కనే నిలిచి ఒరిగిపోతుంది. ‘కొండ గాలిని ఆపి మాకు వెచ్చదనం ఇచ్చింది’ అంటే కొండా నిజమే, ఆదరణా నిజమే. విశ్వనాథ సత్యనారాయణ కిన్నెరసాని పాటలలో దీనికి ఎదురు దిశ కనబడుతుంది. అక్కడ స్త్రీయే వాగుగా మారి, ఆమె దుఃఖం ప్రవాహగతిగా మారింది.

మౌఖిక సాహిత్యంలో ఏడు చేపల కథను ఎరుగని తెలుగు పిల్లవాడు ఉండడు. ప్రాంతాన్నిబట్టి స్వల్ప భేదాలున్నా క్రమం ఒక్కటే. ఎండని చేపను ఎందుకు ఎండలేదని అడిగితే గడ్డిమేటు అడ్డం వచ్చిందంటుంది. గడ్డిమేటు ఆవు మేయలేదంటుంది. ఆవు కాపరిమీద, కాపరి అవ్వమీద, అవ్వ పిల్లవాడి ఏడుపుమీద చెబుతారు. చివరికి చీమ దగ్గరికి చేరుతుంది. ఇంట్లో వేలు పెట్టినవాడిని కుట్టక ఏం చేయమంటారని చీమ ఎదురు ప్రశ్నిస్తుంది. చేపకు, గడ్డికి, ఆవుకు, చీమకు మనుషులతో సమానంగా సంజాయిషీ చెప్పుకొనే హక్కు ఇచ్చిన కథ ఇది. కార్యకారణ సంబంధాన్ని పసిపిల్లలకు ఇంత తేలికగా నేర్పిన పాఠం మరొకటి కనబడదు. కరుణశ్రీ పుష్పవిలాపంలో పువ్వులు మాట్లాడటం కూడా ఈ హక్కుతోనే. పూజకు పూలు కోయబోయినవాడిని అవి నిలదీస్తాయి. వాటి మాటలలో సూది, దారం వంటి పూలకు స్వానుభవమైన హింసలే ఉంటాయి గనుక ఆ ఆరోపణ పాఠకుని గుండెకు తగులుతుంది.

ఇంతవరకు చూసినది మానవీకరణ చేసే మేలు. అది చేసే కీడు కూడా ఉంది. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును మూసీ వరద ముంచెత్తింది. వేలమంది మరణించారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టునెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. నాటి నిజాం మహబూబ్ అలీఖాన్ నదిని శాంతింపజేయడానికి పూజ చేశారని చెప్పుకొంటారు. ‘మూసీ ఆగ్రహించింది’, ‘చింతచెట్టు మనుషులను ఎత్తుకొని నిలబడింది’ అన్న వాక్యాలు ఆనాటి భయాన్నీ కృతజ్ఞతనూ చెప్పడానికి తగినవే. కాని వరద ఎందుకు వచ్చిందో అవి చెప్పవు. ఎడతెగని వాన, ఎగువన తెగిన అనేక చెరువుల కట్టలు దానికి కారణాలు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఆ కారణాలను పరిశీలించి సూచించిన మార్గంలోనే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తయ్యాయి. నది ఆగ్రహించిందని మాత్రమే అనుకొని ఊరుకొని ఉంటే ఆ కట్టలు లేచేవి కావు.

నేటి పత్రికలలో ‘రహదారి రక్తం తాగింది’, ‘కాలువ ముగ్గురిని మింగింది’, ‘మృత్యువై దూసుకొచ్చిన లారీ’ అన్న శీర్షికలు తరచు కనబడతాయి. చదవగానే ఒళ్లు జలదరిస్తుంది. ఆ జలదరింపులో ఒక ప్రశ్న మరుగున పడుతుంది. రహదారికి మలుపులో హెచ్చరిక పలక పెట్టవలసినవారెవరు? కాలువ గట్టుకు పిట్టగోడ ఎందుకు లేదు? లారీని నిద్రలేకుండా నడపవలసిన స్థితి ఎవరు కల్పించారు? వస్తువు కర్త అయినప్పుడు అసలు కర్త వాక్యంలోనుంచి తప్పుకొంటాడు. కవిత్వంలో మానవీకరణ మూగవారికి నోరు ఇస్తే, నివేదికలో అదే మానవీకరణ బాధ్యుల నోటికి తాళం వేస్తుంది. కాబట్టి కథలో, కవితలో, ఆత్మకథారూప వ్యాసంలో దీనిని స్వేచ్ఛగా వాడవచ్చు; వార్తలో, నివేదికలో, విజ్ఞాపన పత్రంలో వాడే ముందు వెనకాడాలి. సామాన్య శాస్త్ర వ్యాసంలో ‘ప్రకృతి పగబట్టింది’ అని రాయడం చాలా చోట్ల కనబడుతుంది. అది భావావేశమే గాని వివరణ కాదు.

ఇక ప్రయోగం. పరీక్షలలో ‘ఊరి చెరువు ఆత్మకథ’ వంటి అంశం ఇస్తే సాధారణంగా వచ్చే రచన ఈ తీరున ఉంటుంది: ‘నేను ఒక చెరువును. నేను చాలా అందంగా ఉండేదాన్ని. నా నీరు చల్లగా, తియ్యగా ఉండేది. మనుషులు స్వార్థంతో నన్ను పాడు చేశారు. నేను ఎంతో ఏడుస్తున్నాను. నన్ను కాపాడండి.’ ఇందులో వ్యాకరణ దోషం లేదు. చెరువు కూడా లేదు. ‘చెరువు’ అన్న చోట ‘బావి’ అని మార్చినా, ‘వాగు’ అని మార్చినా ఒక్క వాక్యం కూడా అడ్డు చెప్పదు. ఏడుపును చెప్పడమే గాని ఏడుపు తెప్పించే విషయం లేదు. చెరువుకు కట్ట, తూము, అలుగు, ఆయకట్టు, శిఖం ఉంటాయి. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో చూసే నీరటికాడు ఉంటాడు. గొలుసుకట్టులో పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. అలుగును తెలంగాణలో మత్తడి అంటారు. ఈ మాటలు వచ్చి చేరితే చెరువుకు శరీరం వస్తుంది. శరీరం లేనిదానికి ప్రాణం పోయలేం. ఆ దృష్టితో రాసిన మరొక ఖండిక చూడండి:

‘నేను విన్న మొదటి చప్పుడు తట్టలోనుంచి మన్ను జారిన చప్పుడు. నా కడుపులో ఎంత నీరు పడుతుందో నాకంటె నీరటికాడికి బాగా తెలుసు. అలుగు పారే రాత్రి అతడు పార భుజాన వేసుకొని కట్టమీదే తిరిగేవాడు. నాకు ఎక్కువైనది కింది ఊరి చెరువుకు ఇచ్చేదాన్ని. ఎవరి గడపా తొక్కినదాన్ని కాను. అతని కొడుకు పట్నం పోయాడు. తూము తలుపు తుప్పు పట్టింది. ఒక వేసవిలో నలుగురు మనుషులు గొలుసు పట్టుకొని వచ్చి నా శిఖంలో సున్నంతో గీతలు గీశారు. ఆ గీతలలో ఏముందో నాకు చదవడం రాదు. మరుసటి ఏడు వాన వచ్చింది. నీళ్లు నా దగ్గరికి వచ్చి, పడుకొనే చోటేదని అడిగాయి. నాకు తెలిసిన చోటు చూపించాను. అక్కడ ఇళ్లున్నాయి.’

ఈ ఖండికలో చెరువు ఎక్కడా ఏడవలేదు, ఎవరినీ నిందించలేదు. నింద వేయకుండానే నలుగురు మనుషులు, గొలుసు, సున్నపు గీతలు వాక్యంలో మిగిలాయి. అసలు కర్త తప్పించుకోలేదు. మరొక విశేషం చెరువుకు తెలియని సంగతి. గీతలు ప్లాట్ల హద్దులని పాఠకునికి తెలుసు, చెరువుకు తెలియదు. మాట్లాడే వస్తువుకు దాని స్థానంనుంచి తెలిసినంతే తెలియాలి. చెరువు పట్టణాభివృద్ధి చట్టాలగురించి ఉపన్యసిస్తే మాట్లాడుతున్నది చెరువు కాదు, రచయిత. గొంతు మారిన క్షణంలోనే పాఠకుడు దానిని పసిగడతాడు. ‘చదవడం రాదు’ అన్న మాట కూడా ఊరికే పడలేదు. ఊరిలో చదువురానివారి భూములకు జరిగినదే చెరువుకూ జరిగిందన్న సూచన అందులో ఉంది. ‘పడుకొనే చోటు’ అన్నది నీటికీ నిజమే, మనిషికీ నిజమే. పల్లపు చోట నీరు నిలవడం దాని స్వభావం.

ఆరంభంలో విద్యార్థులు ఒక రచనలో ఒక్క వస్తువుకే ప్రాణం పోయడం మంచిది. గాలి గుసగుసలాడి, చెట్టు తల ఊపి, చంద్రుడు నవ్వి, ఏరు పాడి, రాయి కన్ను విప్పిన పేరాలో ఎవరి మాటా వినబడదు. గాలి గుసగుసలు, చందమామ నవ్వులు, తొలిపొద్దు పలకరింపులు ఎన్ని వేల వ్యాసాలలో తిరిగి వచ్చాయో లెక్కలేదు. వాటికంటె ఇంట్లో రోజూ చూసే రోలు, బడి గంట, బస్సు టిక్కెట్టు, రేషను కార్డు కొత్త సంగతులు చెప్పగలవు.

అభ్యాసం

‘ఎండ మండిపోతోంది’, ‘ఎండ మండిపడుతోంది’ అన్న వాక్యాలలో దేనిలో మానవీకరణ ఉంది? క్రియ ఆధారంగా వివరించండి.

‘ఇల్లు ఎదురుచూస్తోంది’ అన్న భావాన్ని ఉపమగా, ఉత్ప్రేక్షగా, మానవీకరణగా మూడు వేరువేరు వాక్యాలలో రాయండి. ఎదురుచూపును తెలిపే ఇంటి భాగం ఒకటి ప్రతి వాక్యంలోనూ ఉండాలి.

ఒక దినపత్రికలోని ప్రమాద వార్త శీర్షికలో మానవీకరణను గుర్తించి, అసలు కర్త కనబడేటట్లు ఆ శీర్షికను తిరిగి రాయండి. రెండు శీర్షికలలో ఏది ఎక్కువ విషయం చెబుతుందో చర్చించండి.

మీ ఊరిలో వాడుక తప్పిన ఒక వస్తువును ఎన్నుకొని దాని మాటలుగా పదిహేను వాక్యాలు రాయండి. ‘ఏడుపు’, ‘బాధ’, ‘కన్నీరు’ అన్న పదాలు వాడకూడదు. ఆ వస్తువు భాగాల పేర్లు పెద్దలనడిగి తెలుసుకొని, కనీసం నాలుగింటిని ఉపయోగించండి.